సాయం చేస్తామన్న మాట ముందే ఇవ్వండి: విద్యార్థి గ్రాంట్లు మంజూరు చేసే అధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారులకు,

కుటుంబ ఆర్థిక స్థితిని బట్టి కళాశాల విద్యార్థులకు గ్రాంట్లు మంజూరు చేసే ప్రభుత్వ విభాగాలలోను, విశ్వవిద్యాలయాలలోను, దాతృత్వ సంస్థలలోను బాధ్యతలు నిర్వహిస్తున్న మీ అందరినీ ఉద్దేశించి ఈ లేఖ రాస్తున్నాను. తిరిగి చెల్లించనక్కరలేని అలాంటి సహాయంతోనే నేను డిగ్రీ పూర్తి చేశాను. ఆ తరువాత చాలా ఏళ్లుగా, సెలవు దొరికినప్పుడల్లా, విద్యార్థుల పక్కన కూర్చుని వారి చేత దరఖాస్తులు నింపిస్తున్నాను. కనుక మీ పథకాల మేలు ఎంతటిదో నాకు ఒకరు చెప్పనక్కరలేదు. గ్రాంటు మొత్తం పెంచమని కోరే లేఖలు మీకు తరచు వస్తూనే ఉంటాయి, ఆ కోరికలో న్యాయమూ ఉంది. నేను కోరబోయేది వేరు. మీరు ఇచ్చే డబ్బు తనకు వస్తుందా రాదా అన్నది విద్యార్థికి తెలిసే వేళకు, ఆ చదువు గురించి ఇంట్లో జరగవలసిన నిర్ణయం చాలావరకు జరిగిపోయి ఉంటోంది. మీ మాట ఆ నిర్ణయానికి ముందే చేరాలన్నది నా విన్నపం.

ఈ ఇబ్బంది మీ బల్లకు అటువైపు నుంచి చూస్తే కనబడదు. మీ దగ్గరకు వచ్చేది దరఖాస్తు పెట్టుకున్నవారే. దరఖాస్తు దాకా రానివారి పేర్లు మీ రికార్డుల్లో ఎక్కడా ఉండవు. ఏ కోర్సులో చేరాలి, ఏ కళాశాలకు దరఖాస్తు పెట్టాలి, అసలు పై చదువుకు వెళ్లాలా లేక పనిలో చేరాలా అన్న మాటలు ఇంట్లో నడిచేది ప్రవేశాలకు ఏడాది ముందో, రెండేళ్ల ముందో. అప్పుడు తల్లిదండ్రుల ముందు ఉండే అంకె ఒక్కటే, కళాశాల ప్రకటించిన పూర్తి ఫీజు. గ్రాంటు పోగా తాము కట్టవలసింది ఎంతో వారికి తెలియదు, తెలుసుకునే మార్గమూ ఉండదు. పూర్తి ఫీజు చూసి వెనక్కు తగ్గిన కుటుంబం దరఖాస్తు పెట్టదు. దరఖాస్తు లేదు కనుక ఆ కుటుంబం అవసరం లెక్కకు ఎక్కదు. లెక్కకు ఎక్కలేదు కనుక మీ వార్షిక నివేదికలో ఆ పిల్ల గాని, పిల్లవాడు గాని నష్టపోయినట్టు ఎక్కడా నమోదు కాదు. కాగితాల మీద పథకం సక్రమంగానే నడుస్తుంటుంది.

ఇది నా ఊహ మాత్రమే కాదు. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయం 2015లో ఒక ప్రయోగం మొదలుపెట్టింది. ఆ రాష్ట్రంలో తక్కువ ఆదాయ కుటుంబాలకు చెందిన, మంచి మార్కులు తెచ్చుకుంటున్న ఉన్నత పాఠశాల విద్యార్థులను పాఠశాలల వారీగా లాటరీ పద్ధతిలో రెండు వర్గాలుగా విడదీసి, ఒక వర్గం వారి ఇళ్లకు ఉత్తరం పంపించింది. మీకు ప్రవేశం లభిస్తే నాలుగేళ్ల ట్యూషన్‌ గాని, ఇతర ఫీజులు గాని కట్టనక్కరలేదని, ఈ హామీ కోసం ఆర్థిక సహాయ పత్రాలేవీ నింపనక్కరలేదని ఆ ఉత్తరం సారాంశం. గమనించవలసిన సంగతి ఏమిటంటే, ఉత్తరం అందకపోయినా ఆ విద్యార్థుల్లో చాలామందికి దాదాపు అంతే సహాయం దక్కేది. దరఖాస్తు పెట్టి, ప్రవేశం పొంది, పత్రాలు నింపి, ఫలితం కోసం వేచి ఉంటే. ఉత్తరం అందనివారిలో ఆ విశ్వవిద్యాలయానికి దరఖాస్తు చేసింది 26 శాతం, అందినవారిలో 68 శాతం. చివరికి అక్కడ చేరినవారు ఉత్తరం అందనివారిలో 12 శాతం, అందినవారిలో 27 శాతం. సహాయం దాదాపు అదే, ఇచ్చేది అదే సంస్థ. మారింది, ఆ సంగతి ఎప్పుడు, ఎంత గట్టిగా చెప్పారన్నది మాత్రమే.

దీనికి తోడుగా మరొక ప్రయోగాన్ని కూడా చెప్పాలి, ఎందుకంటే రెండూ కలిపి చూస్తేనే నేను చెప్పదలచినది పూర్తవుతుంది. 2008లో అదే దేశంలో, హెచ్ అండ్ ఆర్ బ్లాక్ అనే పన్ను రిటర్నులు తయారు చేసే సంస్థ కార్యాలయాల్లో, తక్కువ ఆదాయ కుటుంబాల వారు పన్ను పత్రాల కోసం వచ్చినప్పుడు, అవే వివరాలను ఉపయోగించి ఆర్థిక సహాయ దరఖాస్తును కూడా అక్కడికక్కడే నింపి పంపడంలో కొందరికి సాయం చేశారు. కొన్ని నిమిషాల పని. మరి కొందరికి మాత్రం వారికి ఎంత సహాయం రావచ్చో అంచనా వేసి ఒక కాగితం మీద ఇచ్చి, దరఖాస్తు మీరే పెట్టుకోండని ప్రోత్సహించి పంపారు. దరఖాస్తు నింపించుకున్న కుటుంబాల్లో, అప్పటికి ఉన్నత పాఠశాల చివరి ఏడాదిలో ఉన్న పిల్లలు తరువాతి మూడేళ్లలో కనీసం రెండేళ్ల కళాశాల చదువు పూర్తి చేసిన నిష్పత్తి 28 శాతం నుంచి 36 శాతానికి పెరిగింది. అంచనా కాగితం మాత్రమే పట్టుకుని వెళ్లినవారిలో చెప్పుకోదగ్గ మార్పేమీ కనబడలేదు.

మొదటిసారి చదివినప్పుడు ఈ రెండు ఫలితాలూ నాకు ఒకదానికొకటి పొసగలేదు. ఒకచోట ఒక్క ఉత్తరం పిల్లల దారినే మార్చింది, మరొకచోట సమాచారం ఇచ్చినా ఫలం లేకపోయింది. ఆలోచించగా తేడా తెలిసింది. మిషిగన్ ఉత్తరంలో ఉన్నది మాట. పన్ను కార్యాలయంలో ఇచ్చినది అంచనా. "మీకు ఇంత రావచ్చు" అన్న వాక్యాన్ని నమ్ముకుని ఇల్లు గడవని కుటుంబం నాలుగేళ్ల భారాన్ని నెత్తికెత్తుకోదు, ఎత్తుకోకపోవడం వివేకమే. డబ్బున్నవారికి అనిశ్చితి ఒక చిన్న ఇబ్బంది. లేనివారికి అనిశ్చితి ఉన్న సహాయం లేనిదానితో సమానం. మీ ప్రకటనల్లో, కరపత్రాల్లో, అవగాహన సదస్సుల్లో ఎక్కువగా వినిపించేది ఆ "రావచ్చు" అన్న మాటే. దాన్ని "వస్తుంది" అని మార్చగలిగేది మీరు ఒక్కరే.

మార్చాలంటే ఏం కావాలన్న ప్రశ్నకు, దరఖాస్తు పత్రాన్ని చిన్నది చేస్తే చాలునన్న సమాధానం తేలికగా వస్తుంది. చిన్నది చేయవలసిందే, కాని అది సగం పని. అమెరికాలో అవసరాన్ని బట్టి ఇచ్చే ఫెడరల్ గ్రాంటు 1972 చట్టంతో మొదలై, 1980లో సెనేటర్ క్లెయిబోర్న్ పెల్ పేరు మీద పెల్ గ్రాంటు అయింది. దానికి దారి అయిన దరఖాస్తులో చాలాకాలం వందకు పైగా ప్రశ్నలు ఉండేవి. వాటిని బాగా తగ్గిస్తూ 2020 డిసెంబరులో చట్టం చేశారు. ఆ కొత్త పత్రం మామూలుగా అక్టోబరు మొదట్లో తెరుచుకోవలసింది 2023 డిసెంబరు ఆఖరుకు గాని తెరుచుకోలేదు. విద్యార్థుల వివరాలు కళాశాలలకు చేరడం మార్చిలో గాని మొదలు కాలేదు. సహాయం ఎంతో చెప్పలేక ఎన్నో కళాశాలలు ప్రవేశ నిర్ణయపు గడువునే వెనక్కు జరిపాయి. గడువు జరపనిచోట, సహాయం సంగతి తేలకుండానే ఏదో ఒకటి తేల్చుకోవలసి వచ్చింది. పత్రం పొట్టిదైంది, నిరీక్షణ పొడవైంది. సంస్కరణ ఉద్దేశాన్ని నేను తప్పుపట్టను. అయితే విద్యార్థి క్యాలెండరును పక్కన పెట్టి కార్యాలయపు క్యాలెండరును మాత్రమే చూసి చేసిన పని ఎంత మంచిదైనా ఇలాగే ముగుస్తుంది.

అసలు ఈ లెక్కలకు కావలసిన వివరాల్లో అధిక భాగం ప్రభుత్వం దగ్గర ముందే ఉన్నవే. ఆదాయపు వివరాలు ఒక శాఖ వద్ద, కుటుంబ సభ్యుల వివరాలు మరొక శాఖ వద్ద, మార్కులు మూడవ శాఖ వద్ద ఉంటాయి. ఈ మూడింటి మధ్య కాగితాలు మోసే పని పదిహేడేళ్ల పిల్ల మీద పెడతారు. పైగా, ఒక శాఖ ఇచ్చిన కాగితాన్ని మరొక శాఖ నమ్మదు. ధ్రువీకరణకు ధ్రువీకరణ అడుగుతుంది. నేను దరఖాస్తు నింపించిన ఒక విద్యార్థిని తన పేరులో ఒక్క అక్షరం రెండు పత్రాల్లో రెండు రకాలుగా ఉందన్న కారణంతో ఏడు సార్లు తిరిగింది. ఎనిమిదవసారి వెళ్లేసరికి గడువు ముగిసింది. ఆ కార్యాలయం పేరు ఇక్కడ అనవసరం. అక్కడి ఉద్యోగి చెడ్డవాడేమీ కాదు, నిబంధనను నిబంధనగా పాటించాడు, అంతే. అందుకే ఈ లేఖను ఆ ఉద్యోగికి కాకుండా నిబంధనలు రాసే మీకు రాస్తున్నాను.

అవసరాన్ని ఎలా కొలుస్తున్నారన్న విషయం దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే ముందస్తు మాటకు ప్రధానమైన అడ్డంకి ఇక్కడే ఉంది. ముందే చెప్పాలంటే పాత ఆదాయాన్ని చూసి చెప్పాలి. పాత ఆదాయం నేటి అవసరాన్ని చెప్పదు. అమెరికాలోను, జర్మనీలోను రెండేళ్ల కిందటి ఆదాయాన్నే ప్రాతిపదికగా తీసుకుంటారు. ఆ రెండేళ్లలో తండ్రి ఉద్యోగం పోయి ఉండవచ్చు, తల్లి మంచాన పడి ఉండవచ్చు, కుటుంబం రెండుగా విడిపోయి ఉండవచ్చు. నాకు తెలిసిన ఒక కుర్రవాడి తండ్రి సరిగ్గా అలాంటి రెండేళ్ల మధ్య పక్షవాతంతో పని మానేశారు. కాగితంలో మాత్రం ఆయన పూర్తి జీతం తీసుకుంటున్న మనిషిగానే ఉన్నారు. జర్మనీలో 1971లో మొదలైన బాఫెగ్ అనే విద్యార్థి సహాయ చట్టం ఈ ఇబ్బందికి ఒక దారి చూపింది: తల్లిదండ్రుల ఆదాయం ఇప్పుడు బాగా పడిపోయి ఉంటే, ప్రస్తుత ఆదాయాన్నే లెక్కలోకి తీసుకోమని విద్యార్థి విడిగా దరఖాస్తు చేసుకోవచ్చు. ఇది దయ కాదు, హక్కుగా రాసి ఉన్న విషయం. అమెరికాలో కూడా కళాశాల ఆర్థిక సహాయ అధికారికి ప్రత్యేక పరిస్థితులను బట్టి లెక్క మార్చే అధికారం ఉంది. అయితే అది ఆ అధికారి విచక్షణ. అడగవచ్చన్న సంగతి తెలిసినవారే అడుగుతారు, తెలిసినవారు ఎలాంటి ఇళ్లవారో మీకు నేను చెప్పనక్కరలేదు.

ఇంకొక సంగతి గురించి మన మధ్య ఎవరూ బాహాటంగా మాట్లాడరు. ఆదాయం ఉన్నా, పిల్లల చదువుకు పైసా ఇవ్వని తల్లిదండ్రులు ఉంటారు. తమకు నచ్చిన కోర్సు తీసుకోలేదనో, ఇంట్లో తగాదాల వల్లనో, ఆడపిల్లకు ఇంత చదువెందుకనో. ఆ పిల్లలు మీ లెక్క ప్రకారం ఉన్నవారు, తమ చేతిలో చూసుకుంటే లేనివారు. అమెరికాలో 24 ఏళ్లు నిండని విద్యార్థిని, వివాహం, సైనిక సేవ వంటి కొన్ని పరిస్థితుల్లో తప్ప, తల్లిదండ్రుల మీద ఆధారపడినవారిగానే లెక్కిస్తారు; వారు డబ్బివ్వడానికి నిరాకరించారన్నది మాత్రమే కారణంగా చెల్లదు. జర్మన్ చట్టం మరొక పద్ధతి పెట్టింది. తల్లిదండ్రులు తమ వాటా ఇవ్వక చదువు ఆగిపోయే స్థితి వస్తే, ప్రభుత్వమే ముందుగా ఆ మొత్తాన్ని విద్యార్థికి చెల్లించి, తరువాత తల్లిదండ్రుల నుంచి వసూలు చేసుకునే ప్రయత్నం చేస్తుంది. ఇంట్లోవారి మీద దావా వేసే భారం పిల్లల మీద పడదు. ఇన్ని దేశాల పద్ధతుల గురించి చదివిన తరువాత, నేను మనస్ఫూర్తిగా అసూయపడిన నిబంధన ఇదొక్కటే.

ఆదాయ పరిమితి గురించి క్లుప్తంగా. భారతదేశంలో 1944 నుంచి నడుస్తున్న పోస్ట్ మెట్రిక్ ఉపకార వేతనాల్లో షెడ్యూల్డ్ కులాల విద్యార్థులకు కుటుంబ వార్షికాదాయం 2.5 లక్షల రూపాయలు దాటకూడదన్న గీత ఉంది. గీతకు ఒక్క రూపాయి ఇవతల ఉన్నవారికి సహాయం, అవతల ఉన్నవారికి శూన్యం. పెల్ గ్రాంటులో ఆదాయం పెరిగే కొద్దీ మొత్తం మెల్లగా తగ్గుతుంది. ఇది న్యాయానికి దగ్గరగా ఉంటుంది. అయితే గీతకు ఒక సుగుణం ఉంది, ఒప్పుకోవాలి: ఎవరైనా సులభంగా అర్థం చేసుకోగలరు. ఇలా ఆదాయాన్ని బట్టి తగ్గించే మెట్లు ఎక్కువైన కొద్దీ లెక్క కుటుంబానికి అంతు చిక్కదు. కనుక మెట్లు పెట్టండి, ఆ మెట్ల పట్టికను ఒకే పుటలో అచ్చువేసి ప్రవేశాలకు రెండేళ్ల ముందే బడుల్లో అంటించండి. చిలీలో 2016లో ఉచిత ఉన్నత విద్యను మొదట ఆదాయంలో అట్టడుగున ఉన్న 50 శాతం కుటుంబాలకు, 2018 నుంచి 60 శాతం కుటుంబాలకు వర్తింపజేసినప్పుడు, ఆ పథకానికి బలం చేకూర్చిన వాటిలో ఒకటి దాన్ని ఒక్క వాక్యంలో చెప్పగలగడం అని నా అభిప్రాయం.

మాట ముందే ఇచ్చినా, అది ఏ రూపంలో ఇస్తున్నారన్నది ముఖ్యం. గ్రాంటు స్థానంలో అప్పును తెచ్చి పెట్టి, రెండింటినీ "ఆర్థిక సహాయం" అన్న ఒకే పేరుతో పిలవడం ఇటీవల చాలా దేశాల్లో చూస్తున్నాం. ఇంగ్లండులో తక్కువ ఆదాయ కుటుంబాల విద్యార్థులకు జీవన వ్యయం కోసం ఏడాదికి గరిష్ఠంగా 3,387 పౌండ్ల దాకా ఇచ్చిన గ్రాంటును 2016లో కొత్తగా చేరినవారికి రద్దు చేసి, ఆ స్థానంలో రుణం పెట్టారు. చేతికి వచ్చే డబ్బు తగ్గలేదు, నిజమే. కాని ఇంటి నుంచి సాయం లేని విద్యార్థే అందరికన్నా ఎక్కువ అప్పుతో పట్టా తీసుకునే స్థితి వచ్చింది. జర్మనీలో సాధారణంగా సగం గ్రాంటు, సగం వడ్డీ లేని రుణం. తిరిగి చెల్లించవలసిన మొత్తం 10,010 యూరోలకు మించదన్న హద్దు ఉంది. హద్దు ముందే తెలిసిన అప్పుకూ, ఎంతకు తేలుతుందో తెలియని అప్పుకూ మధ్య ఉన్న దూరం అప్పు చేసినవారికి తెలుసు. మీ మంజూరు పత్రంలో గ్రాంటు ఎంత, రుణం ఎంత అన్నది వేర్వేరు గడుల్లో, పెద్ద అక్షరాల్లో రాయండి. అన్నీ కూడి ఒక మొత్తంగా చూపే పత్రాన్ని చదివి, ఆనందంతో మిఠాయి పంచి, ఆరు నెలల తరువాత అసలు సంగతి తెలిసిన కుటుంబాన్ని నేను చూశాను.

విడుదల సంగతి కూడా ఈ మాటలో భాగమే. మంజూరైన గ్రాంటు సెమిస్టరు ముగిశాక వస్తే, ఆ మధ్య కాలంలో విద్యార్థి వడ్డీకి తెచ్చుకుంటాడు. గ్రాంటులో కొంత వడ్డీ వ్యాపారికి పోతుంది. బకాయి ఉందన్న కారణంతో కళాశాల హాల్ టికెట్టునో, సర్టిఫికెట్టునో ఆపితే, బకాయి పడింది ప్రభుత్వం, శిక్ష పడింది విద్యార్థికి. చిన్న మొత్తాల దగ్గర ఇది మరీ అన్యాయంగా ఉంటుంది. అమెరికాలోని జార్జియా స్టేట్ విశ్వవిద్యాలయం, చదువు పూర్తయ్యే దశకు వచ్చి కొద్దిపాటి బకాయి వల్ల తరగతుల జాబితా నుంచి తొలగిపోతున్న విద్యార్థులను తానే గుర్తించి, వారు అడగకుండానే ఆ బకాయిని చెల్లించే పద్ధతిని 2011లో ప్రారంభించింది. ఒక్కో విద్యార్థికి అయ్యే ఖర్చు సగటున 900 డాలర్ల చుట్టూ ఉంటుంది. అంత తక్కువ డబ్బుతో అంతటి నష్టం ఆగుతుందని లెక్కవేసి చూసుకునే ఓపిక ఒక కార్యాలయానికి ఉండడమే ఇందులో విశేషం.

విశ్వవిద్యాలయాల వారికి విడిగా ఒక మాట. బయటి సంస్థ నుంచి విద్యార్థి కష్టపడి ఒక ఉపకార వేతనం తెచ్చుకుంటే, అవసరం తీరిందంటూ ఆ మేరకు మీ గ్రాంటును తగ్గించే అలవాటు మానుకోండి. అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రం ప్రభుత్వ విద్యాసంస్థల్లో ఈ పద్ధతిని అదుపు చేస్తూ 2017లో చట్టమే చేయవలసి వచ్చింది. అక్కడ తగ్గిన డబ్బు కన్నా, ఒకసారి ఇచ్చిన మాట తరువాత మారుతుందన్న భయం ఎక్కువ నష్టం చేస్తుంది.

మీరు చెప్పబోయే అభ్యంతరం నాకు తెలుసు: ముందే మాట ఇస్తే అనర్హులు చొరబడతారు. చొరబడతారు, కాదనను. తప్పుడు ఆదాయ పత్రాలను నేనూ చూశాను. సొంత ఇల్లు, రెండు వాహనాలు ఉన్నవారు నిరుపేదలుగా సంతకం చేయడం చూసి కడుపు మండింది కూడా. కాని పరిశీలన అంతా ముందే పెట్టి, ప్రతి దరఖాస్తుదారునీ అనుమానితునిగా నిలబెడితే, ఆ మోసగాడు ఎలాగో కాగితాలు సమకూర్చుకుంటాడు. నిజమైన అర్హుడే మధ్యలో అలిసి మానుకుంటాడు. పన్ను శాఖ వివరాలతో యంత్రమే సరిపోల్చుకోవచ్చు, కొన్నింటిని తరువాత తనిఖీ చేయవచ్చు, తప్పు తేలితే వసూలు చేసి శిక్షించవచ్చు. దొంగను పట్టుకునే ఖర్చును అర్హుల చదువు నుంచి మినహాయించవద్దని మాత్రమే నా కోరిక.

ఇక నేను అడిగేది ఒక్క వాక్యం. వచ్చే ప్రవేశాల ప్రకటన వెలువడడానికి ముందే, ఇంత ఆదాయం ఉన్న కుటుంబం నుంచి వచ్చిన విద్యార్థి, ఈ కోర్సులో సీటు తెచ్చుకుంటే, ఫీజుకు ఇంత, వసతికి, భోజనానికి ఇంత, చదువు ముగిసేదాకా మేము ఇస్తాము అని, "రావచ్చు" అన్న మాట ఎక్కడా లేకుండా, మీ సంతకంతో ప్రకటించండి. పరిస్థితులు మారినవారు ఎవరిని, ఏ తేదీలోగా కలవాలో దాని కిందనే రాయండి. ఆ కాగితం అచ్చయిన రోజున నాకు వంద ప్రతులు పంపండి. ఏ ఇళ్లలో ఈ ఏడాది పై చదువా, పనా అన్న మాటలు నడుస్తున్నాయో నాకు తెలుసు. వాటిని ఆ ఇళ్లకు నేనే తీసుకెళ్లి ఇస్తాను.

భవదీయుడు,
ఒకప్పటి గ్రాంటు విద్యార్థి